పదిహేడు పరికరాల ప్రారంభోత్సవం

మీట నొక్కగానే కంప్యూటరు లేచి పనిలో పడుతుందని మనబోటి అమాయకులం అనుకుంటాం. లోపల జరిగేది వేరు. ముందు కెర్నల్ అనే పెద్దమనిషి లేస్తాడు. లేచి తెరనీ, కీబోర్డునీ, పంకానీ, ఇంకా తన ఒంటికి తగిలించిన ప్రతి పరికరాన్నీ పేరుపేరునా పిలిచి, "లే, నీ పని చూసుకో" అంటాడు. పరికరాలు ముందే తమ పేర్లు జాబితాలో రాయించుకుని ఉంటాయి. వంతు వచ్చినప్పుడు వచ్చే ఈ పిలుపును ఇంగ్లీషులో స్టార్టప్ కాల్‌బ్యాక్ అంటారు. రెప్పపాటులో అయిపోయే తతంగం ఇది. దీనికి ప్రభుత్వ సంస్థ ఎందుకని మీరడగవచ్చు. మన రాష్ట్రానికి సొంత కెర్నల్ ఉండి తీరాలని ఒక ఏడాది పెద్దలందరికీ ఒకేసారి ఉత్సాహం పుట్టింది, అందుకు.

ఆ ఉత్సాహంలోంచి వచ్చిందే రాష్ట్ర స్వభాషా కెర్నల్ మండలి. దానికి ఐదంతస్తుల భవనం, పన్నెండు కార్లు, ఒక అనువాద విభాగం, ఒక ప్రొటోకాల్ విభాగం, రెండు క్యాంటీన్లు ఉన్నాయి. కెర్నల్ రాసేవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఇద్దరు డిప్యుటేషన్ మీద ఎక్కడో ఉన్నారు. మిగిలింది గేదెల నీలవేణి. ఆ పిల్లకి కోడ్ రాయడమంటే పిచ్చి. అన్నం మానేసి రాయమన్నా రాస్తుంది. మండలిలో ఇలాంటి గుణం ఉన్నవాళ్ళని ఏం చెయ్యాలో తెలియక ఆమెను మూడో అంతస్తులో జిరాక్సు మిషను పక్కన కూర్చోబెట్టారు.

ఆమె రాసిన కెర్నల్ రాష్ట్రం మొత్తానికి ఒక్క చోట నడుస్తోంది. గుమ్మలపాడు మంచినీళ్ళ పంపుహౌసులో. కెర్నల్ లేచి పదిహేడు పరికరాలనీ పిలిస్తే, చివరిదైన మోటారు తిరుగుతుంది, ఇరవై రెండు వేలమందికి కుళాయిల్లో నీళ్ళొస్తాయి.

ఒకసారి అక్కడ నీటిమట్టం కొలిచే పరికరాన్ని రిపేరు కోసం ఎవరో ఊడదీసి పట్టుకెళ్ళారు. దాని పేరు మాత్రం జాబితాలో ఉండిపోయింది. మర్నాడు కెర్నల్ వరసగా పిలుచుకుంటూ వచ్చి, లేని పరికరాన్ని పిలిచి, జవాబు రాక అక్కడికక్కడే కుప్పకూలింది. పంపు ఆపరేటరు దాలినాయుడు గోడమీదున్న పచ్చబొత్తాం చేత్తో నొక్కి మోటారు వేసి ఆ పూట గట్టెక్కించాడు గానీ, సంగతి పేపర్లో పడింది.

నీలవేణి రెండు రోజులు కూర్చుని పదకొండు వరసల కోడ్ రాసింది. పిలిచేముందు పరికరం ఉందో లేదో చూసుకోవాలి. ఒకదాన్ని పిలుస్తుండగా జాబితాని ఇంకెవరూ ముట్టుకోకుండా తాళం పడాలి. వెళ్ళిపోయే పరికరం తన పేరు కొట్టించుకుని మరీ వెళ్ళాలి. అంతే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

డైరెక్టరు ఓరుగంటి చిదంబరం గారు పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్ళు చేసి మండలికి వచ్చినవారు. మంచి మనిషి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టరు. ఆయన బల్లమీద కాగితాలు కిటికీ ఎత్తుకి పెరిగాయంటే కారణం ఆ నిజాయితీయే.

"అమ్మాయ్, నాకు తెలిసే భాషలో ఒక్క ముక్క చెప్పు. ఏమిటిది?" అన్నారాయన.

నీలవేణి ఒక్క క్షణం ఆలోచించింది. "శుభలేఖ అనుకోండి సార్. ఊళ్ళో లేనివాడికి శుభలేఖ పంపితే తిరిగొచ్చేస్తుంది కదా. అలా తిరిగొస్తే ఏం చెయ్యాలో మన కెర్నల్‌కి తెలీదు, పడిపోయింది. ఇకమీద మనిషి ఉన్నాడో లేదో కనుక్కుని, ఒకరి తర్వాత ఒకరిని జాగ్రత్తగా పిలుస్తుంది."

డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది. మండలికి వచ్చిన రెండేళ్ళలో ఆయనకు పూర్తిగా అర్థమైన మొదటి విషయం ఇదే. "ఓహో, ఆహ్వానాల వ్యవహారమా! ఈ మాట ముందే అంటే ఎప్పుడో ప్రొటోకాల్ విభాగానికి పంపేవాణ్ణి కదమ్మా!"

కొరివితో తల గోక్కున్నానని నీలవేణికి అప్పటికి తెలియలేదు. అర్థమయ్యేట్టు చెప్పానని సంతోషపడుతూ కిందికి వెళ్ళి టీ కూడా తాగింది.

ఫైలు ముందు అనువాద విభాగానికి వెళ్ళింది. ఆ విభాగం సూపరింటెండెంట్ ఉమామహేశ్వరం చేతుల్లోంచి ఇంగ్లీషు మాట ప్రాణాలతో బయటపడిన దాఖలా లేదు. స్టార్టప్ అంటే ప్రారంభం, ప్రభుత్వంలో ప్రారంభం ఉత్సవం లేకుండా జరగదు గనక ప్రారంభోత్సవం. కాల్ అంటే ఆహ్వానం, బ్యాక్ ఉంది గనక ప్రత్యాహ్వానం. కెర్నల్ అన్న మాటని మాత్రం సైన్యంలో ఏదో హోదా అనుకుని గౌరవంగా అలాగే ఉంచేశాడు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

"మండలి పరిధిలోని సమస్త ఉపకరణముల ప్రారంభోత్సవ ప్రత్యాహ్వానములు ఇకమీదట ప్రారంభోత్సవముల ప్రొటోకాల్ సంహితను అనుసరించియే జరుపబడవలెను. తద్విరుద్ధముగా ఏ ఉపకరణమునూ లేపరాదు. ఉల్లంఘన తీవ్రముగా పరిగణింపబడును."

నీలవేణి ఆ కాగితం పట్టుకుని పరిగెత్తింది. అప్పటికే సమావేశ మందిరంలో పదిహేడు పరికరాల సీనియారిటీ జాబితా తయారవుతోంది.

"కీబోర్డు రెండువేల తొమ్మిదిలో కొన్నది. పాత కంప్యూటరుది తెచ్చి తగిలించారు. ప్రాసెసరు మొన్న మొన్న వచ్చింది. కాబట్టి కీబోర్డు ముందు, ప్రాసెసరు తొమ్మిదోది," అన్నాడు ఉమామహేశ్వరం.

"అయ్యో, ప్రాసెసరు లేవకపోతే అసలు పిలిచేదెవరండీ?" అంది నీలవేణి.

"అది దాని దురదృష్టం. సర్వీసులో జూనియర్."

"పోనీ బస్సు అన్నా ముందు లేవాలి సార్. బస్సు లేకుండా ఏ పరికరమూ ఇంకోదాన్ని చేరలేదు."

"బస్సెందుకమ్మా?" అన్నారు డైరెక్టరు గారు ఎంతో ఆదరంగా. "మన జీపుంది కదా, ఎక్కించి పంపుదాం."

కంప్యూటరు లోపల తీగల దారిని బస్సు అంటారని చెప్పేసరికి ఆమెకి పావుగంట పట్టింది. చివరికి ప్రాసెసరునీ బస్సునీ "వేదిక ఏర్పాట్లు" కింద రాసుకుని, జాబితాలో వాటి ఉత్సవాలు వాటికి ఉంచి, అన్నిటికంటే ముందు లేవనిచ్చారు. మండలి చరిత్రలో ఒక ఇంజనీరు మాట నెగ్గడం అదే మొదలు, అదే ఆఖరు.

మిగతా నిబంధన ఇది. వంతు రాగానే కెర్నల్ ఆగాలి. తెరమీద "ముఖ్య అతిథి విచ్చేశారా?" అని అడగాలి. ప్రొటోకాల్ అధికారి "విచ్చేశారు" అని టైపు చేస్తేనే ఆ పరికరాన్ని పిలవాలి. ఉత్సవం కాని తెరా, కీబోర్డూ ఈ ప్రశ్నోత్తరాల మేరకు రిహార్సలు కింద పనిచెయ్యవచ్చు. రోజుకు ఒక పరికరం. ఆదివారాలు లేవు.

"సార్, ఇవి సెకనులో వెయ్యోవంతులో లేచే పరికరాలు," అంది నీలవేణి.

"ఆ తొందరే ప్రమాదాలకి మూలం," అన్నాడు ఉమామహేశ్వరం. "భద్రత అని మీరే కదండీ ఫైలు పెట్టారు?"

తను రాయనంటే బయటి కంపెనీ చేత రాయిస్తామన్నారు. వాళ్ళు రాస్తే ఉన్న కెర్నల్ కూడా మిగలదు. నీలవేణి పళ్ళు బిగబట్టి రాసింది. జీవితంలో మొదటిసారి తన కోడ్ చూసి తనకే సిగ్గేసింది.

గుమ్మలపాడులో దాలినాయుడు మళ్ళీ పచ్చబొత్తాం నొక్కుతాడేమోనని ప్రొటోకాల్ విభాగం ముందే ఆలోచించింది. ఆ బొత్తానికి అడ్డంగా గులాబిరంగు రిబ్బను కట్టి, రెండు కొసలకీ లక్కముద్రలు వేశారు. రిబ్బను కత్తిరించే హక్కు ముఖ్య అతిథిది. ఇంకెవరు ముట్టుకున్నా అది ప్రభుత్వ కార్యక్రమానికి భంగం కలిగించడమే, జైలు.

మొదటిరోజు పంపుహౌసులో కీబోర్డు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. జ్యోతి వెలిగించారు. డైరెక్టరు గారు మండలి నుంచి ఫోనులోనే కీబోర్డు సేవలను కొనియాడారు. రెండోరోజు తెర. మూడోరోజు లోపలి పంకా. దానికి అచ్చువేసిన ఆహ్వానపత్రికలో పేరు పక్కన "గారు" పడలేదని పత్రికలు వెనక్కి తెప్పించి మళ్ళీ అచ్చువేశారు.

నాలుగోరోజు దాలినాయుడు ఫోను చేశాడు. యాభై దాటిన మనిషి, ఆ పంపుహౌసులోనే జుట్టు నెరిసింది.

"నీలవేనమ్మా, ఏటమ్మా ఇది? ట్యాంకు అడుగంటీసింది. ఆడోల్లు బిందెలట్టుకొచ్చి పంపుహౌసు ముందు కూకున్నారు. నాకేటి సెప్పాలో తెలీటం నేదు."

"ఇంకా పదమూడు పరికరాలున్నాయి నాయుడు గారూ," అంది నీలవేణి.

"నాకు పరికరాలెందుకమ్మా? బొత్తాం నొక్కితే మోటారు తిరుగుతాది. ఈ రిబ్బనొకటి తీయించీయండి, సాలు."

పైకి వెళ్ళి చెబితే, ప్రగతి నివేదిక చూపించారు. "ప్రారంభోత్సవాలు నాలుగు, ప్రమాదాలు సున్న."

ఆరోరోజు పంపుహౌసులో కరెంటు ఒక్కసారి మిణుకుమంది. కంప్యూటరు ఆగి మళ్ళీ లేచింది. లేచి, మళ్ళీ కీబోర్డు దగ్గర ఆగి, ముఖ్య అతిథి విచ్చేశారా అని అడిగింది. కబురు మండలికి చేరగానే ప్రొటోకాల్ విభాగం సంహిత పుటలు తిరగేసింది. డైరెక్టరు గారు మాత్రం గుక్క తిప్పుకోకుండా, "పునఃప్రారంభోత్సవం," అన్నారు.

ఎనిమిదో రోజుకి నీళ్ళ లారీలు వచ్చాయి. వంతు కోసం బిందెలు వరసలో పెట్టి, బిందెకొక రాయి గుర్తు పెట్టుకున్నారు. ఒక ముసలామెకు ఎండలో కళ్ళు తిరిగి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ కబురు విన్న రోజు నీలవేణి క్యాంటీనులో అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. శుభలేఖ అన్నది తనే. ఆ ఒక్కమాట అనకుండా, అర్థం కాకపోతే పోనీ అని ఊరుకుని ఉంటే, ఆ ఫైలు కిటికీ దగ్గర కట్టలో పడి ఉండేది, తను కోడ్ వేసేసి ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు.

అసలు దెబ్బ ఇంకా ముందుంది. పదహారో పరికరం నీటిమట్టం కొలిచేది. బాగుచేసి తెచ్చి పెట్టారు గానీ, అది గొట్టంలో నీళ్ళుంటేనే లేస్తుంది. పదిహేడోది మోటారు. అది తిరిగితేనే నీళ్ళొస్తాయి. మామూలుగా అయితే కెర్నల్ పదహారోదాన్ని "నువ్వు కాసేపాగి రా" అని పక్కన పెట్టి మోటారుని పిలిచేస్తుంది. కానీ సంహిత ప్రకారం సీనియర్‌ని దాటి జూనియర్‌ని పిలవకూడదు. నీలవేణి ఇది వివరించి చెబితే, ఉభయ ఉపకరణాల మధ్య సమన్వయం కోసం డైరెక్టరు గారే స్వయంగా గుమ్మలపాడు వెళ్తారని నిర్ణయించారు. పర్యటన తేదీ ఇంకో పదిరోజులకి పడింది, అంతవరకు మిగతా ప్రారంభోత్సవాలు వాయిదా.

పదిరోజులు! నీలవేణి ఆ సాయంత్రం సంహితను ఇంటికి పట్టుకెళ్ళి అరవైనాలుగు పుటలూ చదివింది. పూలదండ పొడవు ఉంది. కత్తెర ఏ చేత్తో అందించాలో ఉంది. ముఖ్య అతిథి ఆవలిస్తే ఏం చెయ్యాలో కూడా ఉంది. ముగింపు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? ప్రారంభోత్సవానికి వచ్చేవాళ్ళు వెయ్యిమంది. ముగింపుకి ఏ పెద్దమనిషీ రాడు, ఏ దండా పడదు. ఎవరూ రాని చోట నిబంధన ఉండదు.

ఆమె లేచి కూర్చుంది. కెర్నల్‌కి లేచేటప్పటి పిలుపులు ఉన్నట్టే, ఆగేటప్పటి పిలుపులూ ఉంటాయి. కంప్యూటరు ఆగిపోయేముందు ప్రతి పరికరాన్నీ పిలిచి, "నేను పోతున్నాను, నీ ఆఖరి పని చూసుకో" అంటుంది. ఆ జాబితాలోకి మోటారుని చేర్చడానికి మూడు వరసలు చాలు. కంప్యూటరు ఆఖరి శ్వాసలో మోటారు మీట వేసి పోతుంది. మీట పడ్డాక ఇక దానితో పనిలేదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది. చాలనుకున్నప్పుడు ఆపడానికి గోడమీద ఎర్రబొత్తాం ఉంది. దానికి రిబ్బను కట్టాలని ఎవరికీ తోచలేదు.

పొద్దున్నే మొదటి బస్సెక్కి గుమ్మలపాడు వెళ్ళి ఆ మూడు వరసలూ వేసింది. "ఇప్పుడు కంప్యూటరు ఆపండి నాయుడు గారూ."

"ఆపీమంటారా?" దాలినాయుడు ఆమె మొహంలోకి చూశాడు. "నడిస్తేనే నీల్లు నేవు. ఆపితే వొత్తాయా తల్లీ?"

"ఆపి చూడండి."

ఆపాడు. తెర నల్లబడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గోడవెనక మోటారు మూలిగి, దగ్గి, అందుకుంది. గొట్టాల్లో గాలి బుసబుసలాడింది. బయట కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పంపుహౌసు ముందున్న కుళాయిలోంచి ముందు తుప్పునీళ్ళు, వెనకే తెల్లటి నీళ్ళు వచ్చాయి. ఒకావిడ బిందె పెట్టడం కూడా మరిచిపోయి రెండు చేతులూ ధార కింద పెట్టి నవ్వుతూ నిలబడింది. దాలినాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. నీలవేణికి పట్టరాని సంతోషం వేసింది. ఆమె రాసిన కోడ్‌లో దానికంటే తప్పు కోడ్ లేదు, దానికంటే మంచి కోడూ లేదు.

ఆనాటినుంచి దాలినాయుడు ఉదయం కంప్యూటరు వేస్తాడు. అది కీబోర్డు దగ్గర ఆగి అతిథి కోసం ఎదురుచూస్తుంది. ఆయన దాన్ని ఆపేస్తాడు. ఊరికి నీళ్ళొస్తాయి.

పర్యటన రోజున నాలుగు కార్లు దిగాయి. డైరెక్టరు గారు సమన్వయ ప్రసంగం జేబులో పెట్టుకుని వచ్చేసరికి ఊళ్ళో వీధి కుళాయిలన్నీ పారుతున్నాయి. పిలవని పేరంటానికి వచ్చినట్టు ఆయన కాసేపు అటూ ఇటూ చూశారు.

"ఏమ్మా, మోటారు ఎవరు ప్రారంభించారు?"

"ఎవరూ ప్రారంభించలేదు సార్," అంది నీలవేణి. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. "మన కెర్నల్ ఆగిపోతే నీళ్ళొచ్చేట్టు చేశాను. ఆపుదలకి సంహితలో నిబంధన లేదు."

ఉమామహేశ్వరం మొహం ఎర్రబడింది. డైరెక్టరు గారు మాత్రం కోప్పడలేదు. కుళాయి దగ్గరకి నడిచి, దోసెడు నీళ్ళు పట్టి తాగారు.

"నీకొకటి చెప్పనా అమ్మాయ్," అన్నారు మెల్లిగా. "నేను పశువుల డాక్టర్ల మీద అధికారిగా ఉన్నప్పుడు, ఏటా ఒక నెల సెలవు పెట్టేవాణ్ణి. తిరిగొచ్చి చూస్తే టీకాలన్నీ అయిపోయి ఉండేవి. నేనున్న పదకొండు నెలల్లో కానిది ఆ నెలలో ఎలా అయిందా అని ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి. ఎవర్నీ అడగలేదు."

నీలవేణికి ఆ మనిషి మీద ఎన్నడూ లేని జాలి కలిగింది. ఇక ఈయన రిబ్బను తనే తెంపేస్తాడనుకుంది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది కూడా. వచ్చింది కత్తెర కాదు, కలం.

"మంచి పని చేశావు. కానీ చూశావా, ఎంత పెద్ద లోపమో! ఇంత ముఖ్యమైన కార్యక్రమానికి నిబంధన లేకపోవడమేమిటి? రేపు ఎవరైనా అడిగితే?" అని, కారు బానెట్ మీద కాగితం పెట్టి అక్కడికక్కడే రాసేశారు.

"ఉపకరణముల ఆపుదల పిలుపులకు సముచిత ప్రొటోకాల్ రూపొందించుటకై ఐదుగురు సభ్యులతో ఉపసంఘము నియమింపబడినది. శ్రీమతి గేదెల నీలవేణి కన్వీనర్‌గా వ్యవహరింతురు. సభ్యులందరూ హాజరైన సమావేశము తీర్మానించువరకు ప్రస్తుత పద్ధతియే కొనసాగును."

ఆమెకి పెళ్ళి కాలేదని ఎవరూ ఆయనకు చెప్పలేదు. నీలవేణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి ఆఖరి వాక్యం దగ్గర ఆగింది.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో నీలవేణి ఒక్క వరస కోడ్ రాయలేదు. తీరిక లేదు. ఐదుగురు సభ్యుల సెలవులు, వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు, పంటినొప్పులు, ఆడిటు తేదీలు అన్నీ ఆమె దగ్గర ఒక నోటుబుక్కులో ఉన్నాయి. ఆమె వేసే ప్రతి సమావేశం తేదీ కనీసం ఇద్దరికి కుదరని తేదీ అయి ఉంటుంది. ఇప్పటికి ఇరవై మూడు వాయిదాలు. వాయిదా నోటీసు ఇంత అందంగా రాసేవాళ్ళు సర్వీసులో లేరని ఉమామహేశ్వరమే మెచ్చుకున్నాడు. మెచ్చుకున్న రోజున ఆమె ఇంటికి వెళ్ళి తన పాత పదకొండు వరసలూ తీసి చదువుకుంది.

ఒక్కసారి మాత్రం ఖర్మకాలి ఐదుగురూ వచ్చేశారు. హాజరు పట్టీలో నాలుగు సంతకాలు పడి, ఐదో సభ్యుడు పెన్ను మూత తీస్తుండగా, కింద క్యాంటీనులో కొత్త కూలరు ప్రారంభోత్సవమట, వేదిక మీద కుర్చీలు ఖాళీగా ఉన్నాయట అని నీలవేణి తనలో తను అనుకున్నట్టు పైకే అంది. గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. తర్వాత పరిగెత్తి నిజంగానే ఒక కూలరు తెప్పించింది.

సమావేశం తేదీ వచ్చిన ప్రతి ఉదయం, బస్సులు కదిలే వేళకి, ఆమెకి ఒక ఫోను వస్తుంది. గుమ్మలపాడు మొత్తం ఆ ఫోను చుట్టూ నిలబడి ఉంటుందని ఆమెకి తెలుసు.

"నీలవేనమ్మా, ఇయాల ఆల్లు కూకుంటన్నారా?"

"లేదు నాయుడు గారూ. ముగ్గురే వస్తామన్నారు. ఇంకో నెలకి వేశాను."

"బతికించినావు తల్లీ," అంటాడు దాలినాయుడు. "ఐతే కంప్యూటరు ఆపీసి, నీల్లు ఒగ్గేత్తన్నాను."